ఇంట్లో చేసే యోగా చాలా, క్లాసులో చేరాలా?

నమస్తే అండి. నాకు 42 ఏళ్లు, విజయవాడలో ఉంటాం. ఏడాదిగా యూట్యూబ్ చూసి ఇంట్లోనే సూర్య నమస్కారాలు చేస్తున్నాను. 12 భంగిమలూ వరుసగా వచ్చేశాయి, రోజుకు ఆరు రౌండ్లు. కానీ నెల రోజులుగా భుజంగాసనంలో (బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భంగిమ) పైకి లేస్తుంటే నడుము కింద పట్టేస్తోంది. మోచేతులు పూర్తిగా చాచి, వంపంతా నడుము దగ్గరే తెస్తున్నానేమోనని నా అనుమానం. మా ఆయన్ని చూడమంటే ఫోన్లోంచి తల ఎత్తకుండానే "బాగానే ఉంది" అంటారు!

మా వీధి చివరి స్టూడియోలో ఒకరోజు ట్రయల్ క్లాసుకు వెళ్లాను. పాతికమందికి ఒక్కరే టీచరు. ఆవిడ చేసి చూపించడమే తప్ప నా దాకా రానేలేదు. పైగా ఉదయం 6 గంటల బ్యాచ్. పిల్లల క్యారేజీలు ఎవరు కడతారు?

రెండూ చేసినవాళ్లు కాస్త చెప్పండి. రెండు నెలలు క్లాసుకెళ్లి తప్పులు దిద్దుకుని మళ్లీ ఇంట్లో చేసుకుంటే సరిపోతుందా? ఆన్‌లైన్ లైవ్ క్లాసులో కెమెరాలో చూసి నిజంగా సరిచేస్తారా? ఆయుష్ శాఖ యోగా సర్టిఫికేషన్ బోర్డు సర్టిఫికెట్ ఉన్న టీచరైతే తేడా తెలుస్తుందా? ఈ నొప్పికి ముందు ఫిజియోథెరపిస్టును కలవమంటారా? అప్పటిదాకా భుజంగాసనం మాత్రం ఆపేశాను.