75 రూపాయల చాయ్ లెక్క: స్నేహితుల మధ్య ఎవరి డబ్బులు వారే ఇచ్చుకోవాలా?

బర్కత్‌పుర బాటసారి (చర్చ మొదలుపెట్టినవారు) · ఆదివారం రాత్రి 9:10

మేం ఆరుగురం, ఒకప్పుడు ఒకే హాస్టల్లో ఉన్నవాళ్లం. నెలకొక ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు నాంపల్లిలో ఒక పాత ఇరానీ హోటల్లో కలుస్తాం. మియాపూర్ నుంచి ఒకడు, ఎల్బీ నగర్ నుంచి ఒకడు మెట్రోలో వస్తారు. ఎర్ర లైనుకు ఆ కొసన ఒకడు, ఈ కొసన ఒకడు. నాంపల్లి అయితే ఇద్దరూ రైలు మారకుండా దిగవచ్చని ఆ చోటు పెట్టుకున్నాం.

బిల్లు ఎవరో ఒకరు ఇచ్చేవారు. ఎవరిచ్చారని ఎన్నడూ అడిగింది లేదు. ఈ రోజు ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోను మోగింది. మాలో ఒకడు పంపిన సందేశం: "నీది 75. చాయ్ 2, ఉస్మానియా బిస్కెట్ 3, బన్ మస్కా సగం."

సగం! పక్కవాడితో పంచుకుని తిన్న బన్ను కూడా నిలువునా కోసి పద్దు రాశాడు. మొత్తం బిల్లు 330 రూపాయలు. ఆరుగురికీ ఆరు రకాల లెక్కలు వేశాడు. డబ్బు పంపేశాను కానీ అప్పటి నుంచి మనసు బాగాలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు వీడొక్కడికి ఈ బుద్ధి ఎందుకు పుట్టింది? చాయ్ దగ్గర కూడా లెక్కలు చూసుకునేవాళ్లను స్నేహితులు అనవచ్చా? మీరే చెప్పండి.

మల్కాజిగిరి అక్క · 9:22

తమ్ముడూ, డబ్బు పంపేసి బాధపడుతున్నావా, పంపాల్సి వచ్చిందని బాధపడుతున్నావా? రెండూ వేరు.

లెక్కల మాస్టారు · 9:31

వృత్తిరీత్యా లెక్క చూడకుండా ఉండలేను. 330ని ఆరుతో భాగిస్తే తలా 55. మీరు తిన్నది 75. అంటే సమానంగా పంచి ఉంటే మీకు 20 రూపాయలు మిగిలేవి. మీ ఆరుగురిలో అందరికంటే తక్కువ తిన్నవారు ఎవరు, ఎంత?

బర్కత్‌పుర బాటసారి · 9:36

ఒకడికి షుగర్. ఒక్క చాయ్ తాగాడు, అది కూడా సగం వదిలేశాడు. వాడికి 20 వచ్చింది.

లెక్కల మాస్టారు · 9:40

చూశారా. సమానంగా పంచితే ఆయన మీద 35 రూపాయలు అదనంగా పడేవి. మీరు తిన్న బిస్కెట్లకు ఆయన డబ్బు కట్టేవారు. దీన్ని మీరు స్నేహం అంటున్నారు, నేను తీసివేత అంటాను.

పాతబస్తీ పాతకాపు · 9:58

మాస్టారూ, క్షమించాలి, మీరు బళ్లో చెప్పే లెక్క బల్ల దగ్గర చెప్పకూడదు.

నేను ఇరానీ హోటళ్లలో నలభై ఏళ్లుగా కూర్చుంటున్నాను. ఆ రోజుల్లో మనం అడగకుండానే వెయిటర్ బిస్కెట్ల ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. తిన్నన్ని తిని, మిగిలినవి వదిలేస్తే వాటికి డబ్బు లేదు. మనం లేచి గల్లా వైపు నడుస్తుంటే వెనక నుంచి వెయిటర్ మొత్తం ఎంతో కేక వేసేవాడు. ఆ కేకే బిల్లు. ఆ కేకలో ఎవరు ఎన్ని తిన్నారో ఉండదు, బల్ల మొత్తానికీ ఒకటే అంకె. అది విన్న క్షణంలో ఎవరి చెయ్యి ముందు జేబులోకి వెళ్తే వాడిదే ఆ రోజు పెద్దరికం. అలా ఇచ్చిన డబ్బుకు ఎవరూ పద్దు రాయలేదు, ఎవరి ఆస్తీ కరిగిపోలేదు.

మల్కాజిగిరి అక్క · 10:07

పాతకాపు గారూ, ఆ బల్ల దగ్గర ఆడవాళ్లు ఎంతమంది ఉండేవారు?

నా అనుభవం చెబుతాను. ఆఫీసులో మేం అయిదుగురం, నేనొక్కదాన్నే ఆడదాన్ని. సాయంత్రం చాయ్‌కి వెళ్తే పదేళ్లపాటు నన్ను పర్సు తెరవనివ్వలేదు. "మీరుండండి మేడమ్." అది మర్యాదే, కాదనను. కానీ డబ్బు ఇవ్వని మనిషికి "ఇవాళ వేరే చోటికి పోదాం" అనే హక్కు ఉండదు, "నాకు ఇంకొక పౌనా చెప్పండి" అనడానికీ నోరు రాదు. పౌనా అంటే తెలియనివారికి: డికాక్షన్ తగ్గించి పాలు ఎక్కువ పోసే చాయ్. నాకు అదే ఇష్టం. ఆ ఇష్టం నా సహోద్యోగులకు తెలిసింది ఫోనులో డబ్బులు పంపడం వచ్చాకే. ఎవరిది వారు ఇచ్చుకోవడం మొదలయ్యాక నేను హాయిగా రెండు పౌనాలు తాగాను. కాబట్టి ఆ లెక్క రాసినతన్ని తిట్టలేను.

మియాపూర్ మనిషి · 10:15

బాటసారి గారి గుంపులోని మియాపూర్ వ్యక్తిని నేను కాదు, ముందే చెబుతున్నా! కానీ ఆ మనిషి తరఫున ఒక మాట.

రూపాయి దగ్గర న్యాయం కావాలంటే చాయ్ దగ్గరే ఎందుకు ఆగాలి? మియాపూర్ నుంచి నాంపల్లికి రానూ పోనూ అయ్యే మెట్రో చార్జీ ఆ 20 రూపాయల చాయ్ కంటే చాలా ఎక్కువ. బర్కత్‌పుర నుంచి నాంపల్లికి ఎంత దూరమని? నడిచైనా రావచ్చు. ఆ తేడాను కూడా ఆరుగురికీ పంచుతాడా మీ గుమాస్తా? ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి బస్సు ఉచితం కదా, వాళ్లకు ఆ మేరకు తగ్గిస్తాడా? సగం బన్ను కొలిచినవాడు గంట ప్రయాణాన్ని కొలవలేదు. అంటే అది న్యాయమూ కాదు, లెక్కా కాదు. కొలవడానికి సులువుగా దొరికినదాన్ని కొలిచాడు, అంతే.

లెక్కల మాస్టారు · 10:21

ఇది మంచి వాదన. రేపు జవాబు చెబుతాను.

పాతబస్తీ పాతకాపు · 10:24

మాస్టారు రేపటికి వాయిదా వేశారంటే ఓడినట్టే.

గల్లా పెట్టె · సోమవారం ఉదయం 6:05

అందరికీ నమస్కారం. నేను సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో గల్లా మీద కూర్చుంటాను. ఇటు వైపు నుంచి కూడా కాస్త వినండి.

మా దగ్గర తెల్లవారకముందే డికాక్షన్ పొయ్యి మీదికి ఎక్కుతుంది. మూత బిగించి సన్నని సెగ మీద ఉంచుతాం, అది గంటల పని. పాలు వేరే గిన్నెలో చిక్కగా మరుగుతూ ఉంటాయి. కప్పులో పాలూ డికాక్షనూ కలిసేది అడిగినప్పుడే. ఇంత శ్రమ పడి చాయ్ మీ బల్ల మీదికి నిమిషంలో పంపుతాం. ఆ తర్వాత ఆదివారం పొద్దున మీరు మాకు చూపించే సినిమా ఇది.

మొదటి రకం: ముగ్గురు పెద్దమనుషులు ఒకేసారి ఫోన్లు చాపుతారు. "నేనిస్తా" అంటే "నేనిస్తా". ఒకాయన చెయ్యి ఇంకొకాయన పట్టుకుంటాడు. ఒకసారి ఆ పెనుగులాటలో సోంపు డబ్బా నేల మీద పడింది. వెనక వరుస తలుపు దాకా వెళ్తుంది.

రెండో రకం: ఆరుగురు వరుసగా నిలబడి ఒక్కొక్కరే క్యూఆర్ కోడ్ కొడతారు. గల్లా మీది స్పీకర్ డబ్బాలోంచి "ఇరవై రూపాయలు అందాయి, ఇరవై రూపాయలు అందాయి" అని ఆరుసార్లు అరుపు. మధ్యలో ఒకరికి సిగ్నల్ ఉండదు. మిగతా అయిదుగురు ఆయన కోసం అక్కడే నిలబడతారు.

నాకు రెండూ ఒకటే తలనొప్పి. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు చిల్లర కోసం నానా తంటాలు పడ్డాం, అందుకే ఫోను చెల్లింపులు వచ్చినందుకు సంతోషించాను. ఇప్పుడు చిల్లర బాధ పోయి ఈ బాధ వచ్చింది. బాటసారి గారి స్నేహితుడు ఒక్కడే మొత్తం కట్టి, ఇంటికి వెళ్లాక లెక్క పంపాడు. నా గల్లా వైపు నుంచి చూస్తే ఆయన దేవుడు.

ఉప్పల్ ఉదయిని · 7:40

గల్లా పెట్టె గారూ, నవ్వి నవ్వి నా చాయ్ చల్లారిపోయింది.

నాది చిన్న సలహా. మేం నలుగురం నెల మొదట్లో తలా రెండు వందలు ఒకరి దగ్గర వేస్తాం. చాయ్, టిఫిను అన్నీ అందులోంచే. నెలాఖరుకు మిగిలితే వచ్చే నెలకు. లెక్క ఉంది, కానీ మనుషుల పేర్ల మీద లేదు.

పాతబస్తీ పాతకాపు · 7:52

అమ్మా, అది చిట్టీ. ఈ ఊళ్లో చిట్టీలు ఎత్తి మాయమైనవాళ్ల కథలు నన్ను అడగండి.

ఉప్పల్ ఉదయిని · 7:55

ఎనిమిది వందల కోసం ఎవరు మాయమవుతారండీ!

లెక్కల మాస్టారు · మధ్యాహ్నం 1:15

భోజన విరామంలో జవాబు. మియాపూర్ వారన్నది నిజం, అన్నింటినీ కొలవలేం. అంత మాత్రాన కొలవగలిగినదాన్ని కూడా వదిలేయమంటే ఒప్పుకోను. నా అసలు అభ్యంతరం వేరే ఉంది. "ఎవరో ఒకరు ఇచ్చేవారు" అని బాటసారి గారు రాశారు. నలభై మంది పిల్లల్లో "ఎవరో ఒకరు బోర్డు తుడుస్తారులే" అంటే తుడిచేది ఎప్పుడూ ఆ ఇద్దరే. ఆ ఎవరో ఒకరు ఎవరండీ? ఆ ముక్క మాత్రం కనుక్కొని చెప్పండి.

మల్కాజిగిరి అక్క · 1:30

మాస్టారు ఇప్పుడు గెలిచారు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఎప్పుడో చెప్పింది, పూర్తిగా ఇక్కడ రాయలేను.

బర్కత్‌పుర బాటసారి · రాత్రి 8:45

మాస్టారి ప్రశ్న పట్టుకుని సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. పోట్లాడదామనే చేశాను, దాచను.

వాడు పెద్దగా మాట్లాడలేదు. తన ఫోనులో ఉన్న పాత చెల్లింపులు చూసి చదివాడు. మిగతా వాళ్లను కూడా అడిగి పెట్టుకున్నాడట. పోయిన పదకొండు నెలల్లో వాడు ఇచ్చింది అయిదుసార్లు. మియాపూర్ వాడు మూడుసార్లు, ఎల్బీ నగర్ వాడు రెండుసార్లు. మిగిలింది ఒక్కసారి, అది నాది. ఆ నెల వర్షానికి ముగ్గురమే వచ్చాం.

"మరి ఇంతకాలం ఎందుకు చెప్పలేదురా?" అంటే, "చెబితే చిల్లర మనిషి అనుకుంటారని" అన్నాడు. నేను ఇక్కడ నిన్న రాత్రి రాసింది ఇంచుమించు అదే కదా. ఈ చర్చ సంగతి మాత్రం వాడికి చెప్పలేదు.

అయినా సగం బన్ను సంగతి నాకు ఇంకా మింగుడు పడలేదు. ఆ మాట కూడా అన్నాను. "అయితే వచ్చేసారి పూర్తి బన్ను తిను" అన్నాడు.

పాతబస్తీ పాతకాపు · 8:58

పదకొండులో ఒకటి! బాటసారీ, మా రోజుల్లో అయితే నిన్ను గల్లా దాకా మోసుకెళ్లేవాళ్లం. అయినా నా మాట మారదు. లెక్క పంపడం తప్పే. "ఇవాళ నీ వంతురా" అని బల్ల దగ్గరే మొహం మీద చెప్పాలి. అడగందే అమ్మయినా పెట్టదు.

లెక్కల మాస్టారు · 9:03

మొహం మీద చెప్పగలిగితే ఫోను ఎందుకు పాతకాపు గారూ? అందరికీ మీ నోరు ఉండదు.

మియాపూర్ మనిషి · 9:06

మెట్రో చార్జీ సంగతి ఎవరూ తేల్చలేదు. గుర్తు చేస్తున్నాను.

బర్కత్‌పుర బాటసారి · 9:20

వచ్చే నెల బిల్లు నాదని గుంపులో రాసేశాను. మియాపూర్ వాడు వెంటనే "నాకు రెండు బన్ మస్కాలు" అని పెట్టాడు. షుగర్ ఉన్నవాడు "నా 20 తిరిగి ఇస్తావా" అన్నాడు. లెక్క పంపినవాడు మాత్రం చూసి ఊరుకున్నాడు, ఇంకా జవాబు లేదు.

గల్లా పెట్టె · 9:34

ఈసారి మా సికింద్రాబాద్ వైపు రండి. ఎనిమిది లోపు వస్తే కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంటుంది. ఎవరిచ్చినా సరే, ఒక్కరే రండి గల్లా దగ్గరికి.