కాలిఫోర్నియా స్కూలు బడ్జెట్: మే 15లోపు మేం ఎవరిని కలవాలి?

అందరికీ నమస్కారం. మా పాప చదివే ప్రభుత్వ స్కూల్లో ఇద్దరు టీచర్లకు మార్చిలో లేఆఫ్ నోటీసులు వచ్చాయి. అందులో ఒకావిడే మా పాపకు చదవడం నేర్పింది. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే టెన్షన్.

1988లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 98 ప్రకారం స్కూళ్లకు, కమ్యూనిటీ కాలేజీలకు రాష్ట్రం కనీస నిధులు ఇవ్వాలి కదా, మరి ఈ కోత ఎందుకు? పిల్లల హాజరు తగ్గితే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు వచ్చే డబ్బు తగ్గుతుందంటున్నారు, అదేనా కారణం?

గవర్నర్ సవరించిన బడ్జెట్ మే 14లోపు వస్తుంది. టీచర్లకు తుది నోటీసులు మే 15లోపు ఇచ్చేస్తారు. శాసనసభ ఆమోదానికి మాత్రం జూన్ 15 దాకా గడువుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. ఇప్పుడే స్కూల్ బోర్డు మీటింగ్‌లో మాట్లాడాలా, మా అసెంబ్లీ సభ్యుడికి రాయాలా? నోటీసులు వెనక్కి తీయించినవాళ్లుంటే దయచేసి చెప్పండి.