మోర్మన్ల 'సాక్రిఫైస్': త్యాగమా, అర్పణా, బలా?

ప్రశ్న:
పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో పుట్టిన మతశాఖ మోర్మన్ల తొలినాళ్ల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. పేజీకి రెండుసార్లు 'సాక్రిఫైస్' తగులుతోంది. 1829లో మార్టిన్ హారిస్ అనే రైతు వాళ్ల పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథం 5,000 ప్రతుల అచ్చుకయ్యే 3,000 డాలర్ల కోసం పొలం తాకట్టు పెట్టాడు. పుస్తకాలు అమ్ముడుపోలేదు, 1831లో పొలం పోయింది. మేరీ ఫీల్డింగ్ స్మిత్ అనే వితంతువు పంటలో పదోవంతు తెచ్చి ఇచ్చింది. అన్నిచోట్లా 'త్యాగం' అంటే చప్పగా ఉంది, 'బలి' అంటే జాతరే గుర్తొస్తోంది. ఏం రాయమంటారు?

జవాబు:
బలిని అంత తేలిగ్గా తోసెయ్యకండి. కాళిదాసు రఘువంశంలో దిలీప మహారాజు ప్రజల మేలు కోసమే వాళ్ల దగ్గర 'బలి' తీసుకున్నాడు. అక్కడ బలి అంటే పన్ను, రాజుకు చెందాల్సిన వాటా. వైశ్వదేవంలో, అంటే భోజనానికి ముందు దేవతలకు, ప్రాణులకు అన్నం పెట్టే కర్మలో, పెట్టే బలి అన్నమే, అందులో కోత లేదు. ఈనాటి పాఠకుడికి ఆ అర్థం అందదు కాబట్టి వాడమనను. 'వాటా' అన్న భావం మాత్రం జారిపోనివ్వకండి, మేరీ కథంతా దాని మీదే ఉంది.

1844లో భర్త హైరమ్‌ను కార్తేజ్ జైల్లో చంపేశాక, పిల్లలను తీసుకుని మోర్మన్లు వలస వెళ్లి స్థిరపడిన సాల్ట్ లేక్ లోయకు చేరింది మేరీ. ఓ వసంతంలో బంగాళాదుంపల్లో మంచివి ఏరి, బండికెత్తించి దశమభాగం ఆఫీసుకు తోలించింది. అక్కడి గుమాస్తా జాలిపడి, మీలాంటివాళ్లు కట్టాల్సి రావడం సిగ్గుచేటన్నాడు. ఆవిడకు ఒళ్లు మండింది. సిగ్గుపడాల్సింది మీరు, నాకు రావాల్సిన దీవెనకు అడ్డుపడతారా అని నిలదీసింది. ఇది కొడుకు జోసెఫ్ ఎఫ్. స్మిత్ 1900లో చెప్పిన జ్ఞాపకం. ఇక్కడ 'త్యాగం' రాశారంటే మీరూ ఆ గుమాస్తా పక్కన నిలబడినట్టే. 'దశమభాగం చెల్లించింది' చాలు. మన చర్చిల్లోనూ అదే మాట.

ఇంకో జవాబు:
'చెల్లించింది' బాగుంది కానీ దేనిలో పదోవంతు అన్నది తేల్చుకోండి. 1838 జులైలో మిస్సోరీలోని ఫార్ వెస్ట్ అనే ఊళ్లో మతస్థాపకుడు జోసెఫ్ స్మిత్ ప్రకటించిన నియమం ప్రకారం ముందు మిగులు ఆస్తి ఇచ్చెయ్యాలి, ఆపైన ఏటా 'ఇంట్రెస్ట్'లో పదోవంతు. ఆ నెలలోనే బిషప్ ఎడ్వర్డ్ పార్ట్రిడ్జ్ ఒక ఉత్తరంలో లెక్క వేసి చూపించాడు: వెయ్యి డాలర్ల ఆస్తికి వడ్డీ 60, అందులో పదోవంతు 6. అంటే ఆయన దృష్టిలో అది అచ్చంగా వడ్డీయే. 1970లో సంఘం పెద్దలు దాన్ని 'ఆదాయం' అని వివరించారు. మీ వ్యాసం 1838 గురించైతే 'రాబడి' అని సర్దేయకండి.

అన్నట్టు, ఇల్లినాయ్‌లోని నావూ అనే ఊళ్లో మందిరం కట్టేటప్పుడు చాలామంది పది రోజులకు ఒక రోజు పని చేశారు. దాన్ని 'శ్రమదానం' అనొద్దు. దానం మన ఇష్టం, ఇది లెక్క.

మరొకరు:
అంతా వాటా, లెక్క అంటే ఒప్పుకోను. 1856 అక్టోబర్‌లో చేతిబళ్లు లాక్కుంటూ వస్తున్న వలసదారుల విల్లీ, మార్టిన్ బృందాలు (నాయకుల పేర్లవి) దారిలో చిక్కుకున్నాయని సాల్ట్ లేక్‌లో తెలిసింది. అప్పటి సంఘనాయకుడు బ్రిగమ్ యంగ్ సభలో సాయం అడిగితే, ఆడవాళ్లు అక్కడికక్కడే మేజోళ్లు, లోపావడాలు విప్పి బళ్లలో వేశారని లూసీ మెసర్వ్ స్మిత్ రాసుకుంది. ఏ పదోవంతు లెక్కలో వేస్తారు దాన్ని? అయినా ఆ రెండు బృందాల్లో 200 మందికి పైగా చనిపోయారు. ఇక్కడ 'త్యాగం' కూడా నాకు బరువే. 'ఒంటి మీద బట్టలు విప్పి ఇచ్చారు' అనండి, పదం వెతుక్కోవాల్సిన పనే లేదు.

హారిస్ సంగతి వేరు. భార్య లూసీకి ఆ పుస్తకం మీద నమ్మకం లేదు, చివరికి ఇద్దరూ వేరుపడ్డారు. పొలం పోతే ఆయనది త్యాగం, మరి ఆవిడది? 'ఇల్లు గుల్ల చేశాడు' అని ఆవిడ తరఫువాళ్లు అనుంటే తప్పుపట్టలేం.

ప్రశ్న అడిగినవారు:
మేరీకి 'చెల్లించింది', 1856కు క్రియాపదాలే. హారిస్ దగ్గర 'అర్పణ' అనుకున్నాను కానీ ఆయన భార్య లూసీ సంగతి విన్నాక 'పొలం పణంగా పెట్టాడు' అంటాను. పణంలో జూదం వాసన ఉంది, అది ఉండనీండి.