హెడర్స్‌కి మైల్డ్ స్టీలా, 304 స్టెయిన్‌లెస్సా?

ప్రశ్న: మాది నర్సాపురం అండి, సముద్రం గాలికి బండి పాత హెడర్స్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే పైపులు) మూడో సిలిండర్ పైపు దగ్గర చిల్లు పడింది, వేలు పెడితే తుప్పు పొరలు పొరలుగా రాలుతోంది. కొత్తవి మైల్డ్ స్టీల్‌తో చేయించి పైన హీట్ రాప్ (వేడి ఆపే పట్టీ) చుట్టేద్దామా, 304కి పోదామా?

జవాబు: రాప్ మాత్రం వద్దండి బాబూ, ఉప్పు తేమ పీల్చుకుని అలా పట్టుకునుంటది, లోపల్లోపలే తినేస్తది. నాది విప్పితే పైపు కన్నా తుప్పే ఎక్కువుంది. మైల్డ్ స్టీలే అయితే లోపలా బయటా సెరామిక్ కోటింగ్, అదీ వెల్డింగులన్నీ అయ్యాకే.

ఇంకొకరు: 304 అంటే దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, తుప్పుకి బానే ఆగుద్ది. కానీ వేడికి మైల్డ్ స్టీల్ కన్నా ఎక్కువ సాగుద్ది, అంచేత స్లిప్ జాయింట్లు (ఒకదాంట్లో ఒకటి జారే అతుకులు) పెట్టించండి, లేకపోతే వెల్డ్ దగ్గర చీలే ప్రమాదం ఉంది. టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపలికి కూడా ఆర్గాన్ గ్యాస్ వదలమనండి, లేదంటే లోపలివైపు మాడిన పంచదార పాకంలా నల్లగా గరుకు కడుతుంది. 321 రకం స్టెయిన్‌లెస్ టర్బో బళ్ళకి, మీకు దండగ.

ప్రశ్న వేసినాయన: షాపులో 304 అని చూపించిన పైపుకి అయస్కాంతం గట్టిగా అంటుకుందండి మరి?

జవాబు: ఆయ్, 304కి అయస్కాంతం అలా గట్టిగా అంటుకోదండి, అది 409 రకం స్టెయిన్‌లెస్ అయ్యుంటది, క్రోమియం 11 శాతం చిల్లర. పనికిరాదని కాదు గానీ 304 రేటు మాత్రం ఇవ్వకండి.