సగం ఖాళీ అయిన పాత మాల్‌లో చీరల షాపు పెట్టొచ్చా? అట్లాంటా వైపు వాళ్ళు కాస్త చెప్పండి

మంగళగిరి_పద్మ:

అందరికీ నమస్తే. మేము అట్లాంటా నార్త్ సబర్బ్స్‌లో ఉంటాం, తొమ్మిదేళ్ళయింది. ఆరేళ్ళ నుంచి బేస్‌మెంట్‌లోనే చీరలు అమ్ముతున్నా, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ, ఎక్కువ శాతం మా పిన్ని దగ్గరుండి ఏరి పంపిస్తుంది. దసరా ముందు, సంక్రాంతి ముందు ఇంట్లో కాలు పెట్టే చోటుండదు, పైన మావారు ఆఫీస్ కాల్‌లో ఉంటారు, కింద ఇరవై మంది ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు. రోడ్డు మీద కార్లు పెడుతున్నారని హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళ అసోసియేషన్) వాళ్ళ లెటర్ కూడా వచ్చింది. ఇక ఇల్లు సరిపోదు.

మాకు పదిహేను నిమిషాల దూరంలో ఒక పాత మాల్ ఉంది, పేరు రాయట్లేదు. అందులో 1,100 చదరపు అడుగుల షాపు చూశాం, ఇంతకుముందు బట్టల షాపే, ట్రయల్ రూములు కూడా ఉన్నాయి. బయట ప్లాజాల్లో అడిగే రెంట్‌లో సగం కూడా చెప్పట్లేదు. మేనేజర్ ఏమంటాడంటే రెండు మూడేళ్ళలో ఈ మాల్ మొత్తం మారిపోతుంది, అపార్ట్‌మెంట్లు, పార్కు, రెస్టారెంట్లు వస్తాయి, ముందు వచ్చినవాళ్ళకి మంచి చోటు దొరుకుతుంది అని.

మొన్న శనివారం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి ఆ షాపు ఎదురుగా బెంచీ మీద గంటన్నర కూర్చున్నా. 41 మంది నడిచారు, సగం మంది వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్ళు. ఫౌంటెన్‌లో నీళ్ళు లేవు, అడుగున టైల్స్ మీద ఎప్పుడో వేసిన చిల్లర ఉన్న చోటల్లా గుండ్రటి మరకలు. షాపు లోపల కార్పెట్ మీద బట్టల స్టాండ్లు నొక్కుకుపోయిన గీతలు అలాగే ఉన్నాయి, ఆ గీతలు చూసుకుంటూ ఇక్కడ అద్దం, ఇక్కడ పట్టు చీరల బీరువా అని మనసులో సర్దేసుకున్నా కూడా. అందుకే భయమేస్తోంది, మనసు పడిపోయాక లెక్కలు సరిగ్గా కనపడవు కదా.

డులూత్‌లో గ్విన్నెట్ ప్లేస్ మాల్ ఎలా ఉండేదో ఎలా అయిపోయిందో చూసినవాళ్ళు చాలామంది ఉన్నారిక్కడ. అసలు ఇలాంటి మాల్ మళ్ళీ లేస్తుందా? లేచేదాకా నేను నిలబడగలనా? ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

ప్లెజెంట్‌హిల్_పాతకాపు:

పద్మ గారూ, నేను 1997లో వచ్చా. నలుగురు బ్యాచిలర్లం, ఒక అపార్ట్‌మెంట్, ఒక పాత కరోలా. అప్పట్లో గ్విన్నెట్ ప్లేస్ అంటే మాకు మన ఊళ్ళో తిరనాళ్ళ లాంటిది. శుక్రవారం సాయంత్రం ఐ-85 దిగి ప్లెజెంట్ హిల్ రోడ్డెక్కితే మాల్ గేటు దాకా కారు ఇంచు ఇంచు కదిలేది. అమెరికాలో నా మొదటి చలికోటు అక్కడే కొన్నా, ఇప్పటికీ ఉంది, జిప్పు పోయినా పారేయబుద్ధి కాలేదు.

ఆ మాల్ 1984లో తెరిచారు. మా తర్వాత వచ్చినవాళ్ళు జనం లేక పోయింది అనుకుంటారు, అది తప్పు. 1980 జనాభా లెక్కల్లో గ్విన్నెట్ కౌంటీలో 1,66,903 మంది, 2020లో 9,57,062 మంది. జనం దాదాపు ఆరింతలైతే మాల్ చచ్చిపోయింది! జరిగిందేంటంటే 1999లో అదే ఐ-85 మీద పైకి బ్యూఫర్డ్‌లో మాల్ ఆఫ్ జార్జియా వచ్చింది, 2001లో మధ్యలో డిస్కవర్ మిల్స్ వచ్చింది, ఇప్పుడు షుగర్‌లోఫ్ మిల్స్ అంటున్నారు. ఒకే కౌంటీ, ఒకే హైవే, మూడు పెద్ద మాల్స్. కొత్తగా ఇళ్ళు కొన్నవాళ్ళంతా పైకి వెళ్ళారు, వాళ్ళ వెనకే బ్రాండ్లూ వెళ్ళాయి. ఇక్కడ మిగిలింది కొరియన్లు, లాటినోలు, మనలాంటివాళ్ళు, మన అవసరాలు వేరు, మాల్‌లో ఉన్న సరుకు వేరు. 2010లో ఖాళీ పడ్డ పెద్ద స్టోర్‌లో మెగా మార్ట్ అని కొరియన్ సూపర్‌మార్కెట్ వచ్చినప్పుడు అక్కడ మళ్ళీ జనాన్ని చూశా, మా ఆవిడ చేపల కోసం వెళ్ళేది. కానీ చేపలు కొన్నవాళ్ళు అటు నుంచి అటే కారెక్కేవాళ్ళు, కారిడార్‌లోకి నడిచేవాళ్ళు కాదు. మీరు పట్టుకోవాల్సింది ఇదే అనుకుంటా.

2018లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు వచ్చి ఖాళీ మాల్ లోపల 1985 నాటి షాపులు సెట్ వేసి షూటింగ్ చేసుకున్నారు. మా పిల్లలు టీవీలో చూసి ఎంత బావుందో అన్నారు. నేను లేచి వెళ్ళిపోయా, చూడలేకపోయా.

లీజు_లెక్కలు:

నేను కమర్షియల్ లీజింగ్‌లో పన్నెండేళ్ళుగా ఉన్నా, కొంచెం వివరంగా రాస్తా, పద్మ గారికే కాదు ఇలాంటి షాపు చూస్తున్న అందరికీ పనికొస్తుంది.

మాల్ అంటే ఒక బిల్డింగ్, ఒక ఓనర్ అనుకుంటాం. చాలా చోట్ల అలా ఉండదు. చివర్లలో ఉండే సియర్స్, మేసీస్ లాంటి యాంకర్ స్టోర్లలో చాలా వాటికి వాటి బిల్డింగ్, పార్కింగ్ వాళ్ళ సొంతం, లేదంటే నామమాత్రం రెంట్. వాళ్ళ పని జనాన్ని లాగడం. అసలు రెంట్ కట్టేది మధ్య కారిడార్‌లో చిన్న షాపులు. ఆ చిన్న షాపుల్లో పెద్ద బ్రాండ్లయితే లీజులో ఒక క్లాజ్ రాయించుకుంటాయి, ఫలానా యాంకర్ మూతపడితే మా రెంట్ తగ్గాలి లేదా మేం వెళ్ళిపోవచ్చు అని. అందుకే ఒక సియర్స్ పోతే ఆరు నెలల్లో వరసగా పది షట్టర్లు పడతాయి. ఆన్‌లైన్ వల్లే పోయిందంటారు గానీ దానికి ముందే ఈ గొలుసు తెగడం మొదలైంది.

మళ్ళీ కట్టాలన్నా ఇదే ముడి. పార్కింగ్‌లో ఒక గోడ లేపాలన్నా పాత ఒప్పందాల ప్రకారం యాంకర్లు ఒప్పుకోవాలి. గ్విన్నెట్ ప్లేస్‌లో కౌంటీ 2021లో 2.3 కోట్ల డాలర్లు పెట్టి 39 ఎకరాలు కొన్నది, అయినా అది మధ్య భాగమే, యాంకర్ల స్థలాలు అందులో లేవు. తర్వాత గ్లోబల్ విలేజెస్ అని ప్లాన్ వేశారు, మధ్యలో పార్కు, చుట్టూ వేల ఇళ్ళు, కల్చరల్ సెంటర్. మంచి ప్లానే. కానీ కౌంటీ చేతిలో ఉన్నదానికే ఇన్నేళ్ళు పడుతుంటే మీ మేనేజర్ చెప్పిన రెండు మూడేళ్ళని నేను నమ్మను.

ఇంకోటి, మారడం అంటే ముందు పడగొట్టడం. మీ లీజులో డెమోలిషన్ క్లాజ్ ఉందేమో చూడండి, తొంభై రోజుల నోటీసుతో ఖాళీ చేయించే హక్కు వాళ్ళకుంటే మీరు పెట్టిన లైట్లు, బీరువాలు అన్నీ గోవిందా. కనీసం ఆరు నెలల నోటీసు, మీరు పెట్టిన ఖర్చులో కొంత వాపసు అడగండి. ఫిక్స్‌డ్ రెంట్ బదులు అమ్మకాల్లో శాతం అడగండి, ఖాళీ మాల్ వాళ్ళు చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒక ఏడాదికే తీసుకుని పొడిగించుకునే హక్కు మీ దగ్గర ఉంచుకోండి. పర్సనల్ గ్యారంటీ, అంటే షాపు రెంట్ బాకీకి మీ సొంత ఆస్తి పూచీ, దాని మీద ఇల్లు పెట్టొద్దు, దయచేసి.

అన్నిటికన్నా కామ్ చార్జీలు. కారిడార్ కరెంటు, క్లీనింగ్, సెక్యూరిటీ ఖర్చు షాపులకి పంచుతారు కదా, ఆ పంచడం మాల్ మొత్తం విస్తీర్ణం మీదా లేక రెంట్‌కి ఇచ్చిన విస్తీర్ణం మీదా అడగండి. రెండోదైతే పక్క షాపు ఖాళీ అయిన ప్రతిసారీ దాని ఖర్చు మీ నెత్తిన పడుతుంది. రెంట్ చవక అని వెళ్ళి దీంతో మునిగినవాళ్ళని చూశా.

గాజుల_సుధ:

పద్మా, నేను వేరే స్టేట్‌లో ఇలాంటి మాల్‌లోనే మూడేళ్ళు గాజులు, వన్ గ్రామ్ గోల్డ్ షాపు నడిపా. మొదటి దీపావళి ఎంత బాగా అయిందంటే ఏడుపొచ్చింది సంతోషంతో. తర్వాత ఎదురు షాపు మూసేశారు, ఆ వైపు లైట్లు ఆపేశారు. సాయంత్రం ఆరు దాటితే మా కారిడార్ చీకటి. పెళ్ళి నగలు చూడ్డానికి వచ్చే ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఆ పార్కింగ్‌లో నడవాలంటే భయపడేవాళ్ళు, ఫోన్ చేసి మీరే గేటు దాకా రండి అనేవాళ్ళు, నేను షట్టర్ సగం దించి వెళ్ళేదాన్ని. జులైలో ఏసీ పోయింది, పదకొండు రోజులు. నావి గాజులు కాబట్టి సరిపోయింది, నీవి పట్టు చీరలు తల్లీ, జరీ నల్లబడితే ఎవరు కొంటారు? ఏసీ ఎవరు బాగుచేయాలో రాయించుకో ముందు.

ఆ మూడేళ్ళలో మాల్‌కి వచ్చి అనుకోకుండా నా షాపులోకి వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వచ్చినవాళ్ళంతా నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. మరి వాళ్ళు ఎక్కడికైనా వస్తారు కదా! ఇండియన్ గ్రోసరీ ఉన్న ప్లాజాలో ఐదు వందల అడుగుల గది చాలు నీకు. కరివేపాకు కోసం వచ్చినవాళ్ళు చీర కూడా చూస్తారు. రెంట్ ఎక్కువైనా అక్కడే తీసుకో అంటాను నేను.

నార్‌క్రాస్_నర్సింగ్:

సుధక్క చెప్పింది కరెక్టే గాని నేను జర వేరే మాట చెప్త. బ్యూఫర్డ్ హైవే మీద ప్లాజా ఫియెస్టా చూసిన్రా ఎవరన్న? అది 1968ల కట్టిన మాల్. మధ్యల అవుట్‌లెట్ మాల్ అన్నరు, ఏషియన్ మాల్ అన్నరు, ఏదీ నడవలే. 2000ల లాటినో మాల్ చేసిన్రు, ఆదివారం పోయి చూడుర్రి, పార్కింగ్ దొరకదు. అమ్మాయికి పదిహేనేళ్ళ ఫంక్షన్ గౌన్లు, కౌబాయ్ బూట్లు, ఊరికి పైసలు పంపే కౌంటర్, పిల్లలు ఆడుకునే జాగ, టాకోలు, పంటి డాక్టర్, అన్నీ ఒక్క కప్పు కింద. చర్చి అయినంక కుటుంబం మొత్తం వచ్చి రాత్రిదాంక ఉంటరు. చచ్చిన మాల్ బతికిందంటే అట్ల బతికింది, ఒక్క షాపుతోని కాలే.

అందరికీ గట్ల కాదు, నిజమే. ఒహాయోల రాండల్ పార్క్ మాల్ కూలగొట్టి అమెజాన్ వేర్‌హౌస్ కట్టిన్రు, ఆస్టిన్ల హైలాండ్ మాల్ కమ్యూనిటీ కాలేజ్ అయింది, మన అట్లాంటా నార్త్‌లేక్ మాల్ల ఎమరీ హాస్పిటల్ ఆఫీసులు వచ్చినయ్. మాల్ బతుకుతది గాని అండ్ల దుకాణాలు ఉంటయని గ్యారంటీ లేదు. గ్విన్నెట్‌ల బస్సులు, రైళ్ళు పెంచేటి ట్రాన్సిట్ ఓటు 2019, 2020, 2024, మూడుసార్లు ఓడిపోయింది, 2020ల అయితే వెయ్యి పైచిలుకు ఓట్లతోనే పోయింది, నాకిప్పటికీ బాధ. బస్సు, రైలు సక్కగ లేకుండ వేల ఇండ్లు కడితె ఆ ట్రాఫిక్ ఏడికి పోవాలె?

పద్మక్కా, ఒక్కదానివే పోకు. బ్లౌజులు కుట్టేటామె, మెహందీ పెట్టేటామె, టిఫిన్ సెంటర్, కూచిపూడి క్లాసు, నలుగురైదుగురు కలిసి పోయి ఓనర్‌ని అడుగుర్రి, మాకు ఒక్క వరస మొత్తం ఇయ్యి, లైట్లు పెట్టు, బయటి గేటు మా పక్కకే ఉండాలె అని. డ్యాన్స్ క్లాసుకు పిల్లను దించిన తల్లి గంటసేపు ఏడికి పోతది చెప్పు? నీ షాపులకే వస్తది.

మంగళగిరి_పద్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్, రాత్రి ఇవన్నీ మావారికి చదివి వినిపించా. నర్సింగ్ తమ్ముడూ, నువ్వు చెప్పింది నా బుర్రలో లేనే లేదు. మా అమ్మాయి కూచిపూడి టీచర్ గారు ఇప్పుడు గుడి హాల్లో చెప్తున్నారు, ఆవిడకీ చోటు చాలట్లేదు, ఫోన్ చేశా, వచ్చి చూస్తానన్నారు. బ్లౌజులు కుట్టే ఆవిడ మాత్రం నాకు ఇల్లే బావుంది అంది. సుధక్కా, గ్రోసరీ ప్లాజాలో 600 అడుగులది కూడా చూసి వస్తా, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే గానీ తేలదు.

కామ్ గురించి మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టా. రెంట్‌కి ఇచ్చిన విస్తీర్ణం మీదే లెక్క అని జవాబొచ్చింది. ఏసీ బాధ్యత షాపువాళ్ళదట. డెమోలిషన్ గురించి అడిగిన దానికి మాత్రం ఏమీ రాయలేదు.

లీజు_లెక్కలు:

రాయలేదంటే ఆ క్లాజ్ ఉండే ఉంటుంది పద్మ గారూ. ఏమీ సంతకం పెట్టకండి, డ్రాఫ్ట్ తెప్పించుకోండి, పేర్లు, అడ్రసు కొట్టేసి నాకు మెసేజ్‌లో పంపితే చదివి చెప్తా, తర్వాత లాయర్‌కి చూపించండి. ఇంకో శనివారం టీచర్ గారిని తీసుకుని సాయంత్రం ఏడింటికి వెళ్ళండి, మూడింటికి కాదు. క్లాసు వదిలే టైమ్‌లో ఆ పార్కింగ్‌లో ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో చూసి రండి.