జర్నల్‌కి పంపిన పేపర్లో కాపీ తేలితే ఏం చేస్తారు?

సిరిపురం_స్కాలర్:
ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీ) పీహెచ్‌డీ చేసేవాళ్లు చాలామంది అడిగేదే. వేరే రచనలతో పోలిక 10 శాతం దాకా పర్వాలేదని యూజీసీ అంటుంది కదా, పేపర్ 9 శాతంలో ఉంటే జర్నల్ వాళ్లు ఇంకేమీ అనరా?

ఉక్కునగరం_మేష్టారు:
ఆ 10 శాతం 2018 యూజీసీ రెగ్యులేషన్‌ది, మన యూనివర్సిటీలకి. బయటి జర్నల్‌కి దాంతో పనిలేదు. ఎడిటర్ చూసేది మొత్తం కాదు, ఒక్కో సోర్స్ నుంచి ఎంత వచ్చిందని. ఐథెంటికేట్ (జర్నల్స్ కాపీ పట్టుకోడానికి వాడే సాఫ్ట్‌వేర్) రిపోర్టులో సోర్స్‌కో రంగు, నంబరు ఉంటాయి. 25 శాతమున్నా, అది పద్ధతుల సెక్షన్లో తలో చోటి నుంచీ పడ్డ మామూలు ముక్కలైతే తరచూ వదిలేస్తారు. 9 శాతమూ ఒకే పేపర్ డిస్కషన్ నుంచి దిగిందా, అయిపోయినట్టే.

భీమిలి_ఎడిటింగ్:
దొరికాక జరిగేది చెప్తాను. పేరున్న జర్నల్స్ చాలావరకు కోప్ (ప్రచురణలో నైతికత చూసే కమిటీ) ఫ్లోచార్ట్ ప్రకారమే వెళ్తాయి. ముందు కరస్పాండింగ్ ఆథర్‌కి (జర్నల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే రచయిత) ఆధారాలు జతచేసి వివరణ అడుగుతారు. చిన్న ముక్కలైతే తిరగరాసి, సైటేషన్ పెట్టమంటారు. పేరాలకు పేరాలో డేటానో ఎత్తేస్తే రిజెక్ట్. జవాబు రాకపోతే మిగతా ఆథర్లకి, ఆపైన సంస్థకి రాస్తారు. భయపడి మెయిల్‌కి బదులివ్వకపోవడం, హడావుడిగా విత్‌డ్రా చేస్తాననడం రెండూ తప్పే. విత్‌డ్రా చేసినా సంస్థకి రాయకుండా ఆగాలనేం లేదు.

అచ్చయ్యాక తేలితే రిట్రాక్షన్, అంటే ఆ పేపర్ చెల్లదని ప్రకటించడం. పేపర్ మామూలుగా తీసెయ్యరు, పీడీఎఫ్ మీద ‘రిట్రాక్టెడ్’ అని ముద్ర వేసి, కారణంతో నోటీసు పెడతారు. ఇలాంటి పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ని 2023లో క్రాస్‌రెఫ్ (పేపర్ల వివరాలు నమోదు చేసే సంస్థ) తీసుకుని అందరికీ తెరిచింది. ఇప్పుడు ఎవరైనా వెతుక్కోవచ్చు.

ఉక్కునగరం_మేష్టారు:
సంస్థకి ఉత్తరం వచ్చిందంటే యూజీసీ లెక్క అప్పుడు మొదలవుతుంది. పోలిక 40 నుంచి 60 శాతం అయితే ఒక ఇంక్రిమెంట్ పోతుంది, రెండేళ్లు కొత్త స్కాలర్లని తీసుకోకూడదు. గైడ్లకీ వర్తిస్తుందండోయ్.

సిరిపురం_స్కాలర్:
మరి సొంత థీసిస్‌తోనే మ్యాచ్ అయితేనో? మన థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్‌లో ఉంటుంది కదండీ.

భీమిలి_ఎడిటింగ్:
చాలా జర్నల్స్ థీసిస్‌ని ముందస్తు ప్రచురణగా లెక్కపెట్టవు. అయినా ఆ జర్నల్ రూల్ చూసుకుని, కవర్ లెటర్లో శోధ్‌గంగ లింకు ముందే ఇచ్చెయ్యండి. కాపీ చూసే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్‌లో డ్రాఫ్ట్ చెక్ చేయించేటప్పుడు ‘నో రిపాజిటరీ’ పెట్టించండి. లేదంటే డ్రాఫ్ట్ అందులో ఉండిపోయి, తర్వాతిసారి పేపరంతా దాంతోనే మ్యాచ్ అవుతుంది.

ఎంవీపీ_లైబ్రరీ:
శాతం తగ్గించే పారాఫ్రేజ్ టూల్స్ జోలికి మాత్రం పోవద్దు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ని ‘కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్’ అని, ‘బ్రెస్ట్ కేన్సర్’ని ‘బోసమ్ పెరిల్’ అని మార్చిపెడతాయి. 2021లో ఇలాంటి వంకర మాటల మీద పరిశోధకులు వ్యాసమే రాశారు, వాటి జాబితాతో పేపర్లు జల్లెడ పడుతున్నారు. రిపోర్టులో సున్నా వచ్చినా ఆ మాటలే పట్టిస్తాయి.