సాయం లారీలు గేటు దగ్గరే ఎందుకు ఆగిపోతాయి? తెలిసినవాళ్లు చెప్పండి

రాయగడ లారీ

అందరికీ నమస్కారం. మాది రాయగడ, రెండు లారీలున్నాయి, ఇటు పార్వతీపురం అటు జయపురం బియ్యం, సిమెంటు తోలుతాం. మా తమ్ముడి కూతురు కాలేజీలో వక్తృత్వ పోటీకి తయారవుతూ గాజా సరిహద్దులో బారులు తీరిన లారీల వీడియో ఒకటి చూపించింది. ఇజ్రాయెల్, హమాస్ యుద్ధం మొదలయ్యాక 2023 అక్టోబరు 21న ఈజిప్టు వైపున్న రఫా గేటు మొదటిసారి తెరిస్తే ఆ రోజు లోపలికి వెళ్లినవి 20 లారీలేనట. యుద్ధానికి ముందు పనిరోజుకి 500 దాకా వెళ్లేవట. నా బండి చెక్‌పోస్టు దగ్గర ఒక పూట ఆగితేనే డ్రైవరు బత్తా, హాల్టింగు, పార్టీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు, టెన్షన్‌తో అన్నం సయించదు. అక్కడేమో సరుకుంది, ఇచ్చేవాళ్లున్నారు, రోడ్డుంది, అవతల పిల్లలు ఆకలితో ఉన్నారు. మరి ఆ పెద్దవాళ్లంతా హోటళ్లలో కూర్చుని నెలల తరబడి మాట్లాడేది దేని గురించి? "సరే, పోనివ్వండి" అనడానికి అంతసేపా? ఎవరిది తప్పు అని కొట్టుకోడానికి కాదు ఈ పోస్టు. తెలీక అడుగుతున్నా.

కొరాపుట్ మాస్టారు

బాబూ, నేను పాతికేళ్లు ఇంటర్ పిల్లలకి పాలిటిక్స్ చెప్పి రిటైరయ్యాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

కొటియా పల్లెల సంగతి మీకు తెలిసిందే. ఒడిశా మాదంటుంది, ఆంధ్ర మాదంటుంది. అక్కడ రేషనుకైనా, పింఛనుకైనా, బడికైనా రెండు ప్రభుత్వాలూ మేమిస్తామంటే మేమిస్తామని వస్తాయి. కార్డు ఎవరిస్తే ఊరు వాళ్లదని లెక్క మరి. యుద్ధంలో ఇదే లెక్క తిరగబడుతుంది. తన చెయ్యి దాటిపోయిన ప్రాంతంలో వేరెవరో బియ్యం పంచితే, ఆ ప్రాంతం పోయిందని తనే ఒప్పుకున్నట్టవుతుందని ప్రభుత్వానికి భయం. అందుకని చీటీ మీద ఎవరి సంతకం అన్న దగ్గర బండి ఆగుతుంది.

అంతర్యుద్ధంలో కొన్ని ప్రాంతాలు ప్రభుత్వం చెయ్యి దాటిపోయిన సిరియా చూడండి. 2014 జూలైలో భద్రతా మండలి 2165 నంబరు తీర్మానం చేసింది. డమాస్కస్, అంటే సిరియా ప్రభుత్వం, అనుమతి అక్కర్లేదు, కబురు చెబితే చాలు, టర్కీ, ఇరాక్, జోర్డాన్ వైపు నాలుగు గేట్ల గుండా ఐక్యరాజ్యసమితి లారీలు వెళ్లొచ్చు అని. 2020 మధ్యకి ఆ నాలుగింటిలో టర్కీ వైపున్న బాబ్ అల్-హవా ఒక్కటే మిగిలింది. 2023 ఫిబ్రవరిలో భూకంపం వచ్చాక సిరియా ప్రభుత్వం తనంతట తానే ఇంకో రెండు గేట్లు మూడు నెలలపాటు తెరుస్తానంది. ఆ జూలైలో మండలిలో రష్యా వీటో వేస్తే తీర్మానం గడువు పొడిగింపు పోయింది, కొద్ది రోజులకే డమాస్కస్ నుంచి "బాబ్ అల్-హవాకి మేమే అనుమతి ఇస్తున్నాం" అని ఉత్తరం వచ్చింది. అదే గేటు, అదే రోడ్డు. ఉత్తరం ఎవరు రాశారన్నదొక్కటే తేడా.

ఇక చట్టం. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 23వ అధికరణం పౌరులకి మందులు, పదిహేనేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి తిండి, బట్టలు వెళ్లనివ్వాలంటుంది. సరుకు దారి మళ్లుతుందనో, శత్రువుకి లాభమవుతుందనో గట్టి కారణం ఉంటే ఆపొచ్చనీ అక్కడే రాసుంది. తనిఖీలన్నీ అందులోంచి పుట్టినవే. గాజాకి మొదట్లో ఈజిప్టు లారీ ముందు ఇజ్రాయెల్ గేటు నిత్సానా దాకా వెళ్లి తనిఖీ చేయించుకుని, మళ్లీ వెనక్కి రఫాకి రావాల్సి వచ్చేది. ఆ డిసెంబరులో ఇజ్రాయెల్ వైపున్న కెరెం షాలోం గేటు తెరిచారు, అక్కడ ఒక బండి సరుకు దింపితే పాలస్తీనా బండి ఎక్కించుకోవాలి.

రాయగడ లారీ

అమ్మో, అంటే రెండు హమాలీలు, రెండు కాటాలు! బస్తాలు చిరిగితే ఎవరి పేరు రాస్తారో. కొటియా మాట చెప్పాక అర్థమైంది మాస్టారు, మా బావమరిది అత్తారు ఆ వైపే.

పర్లాకిమిడి బాబాయ్

ఎక్కడో దాకా ఎందుకు, మన గోధుమల సంగతే చూడు నాయనా. అఫ్ఘానిస్తాన్‌కి 50,000 టన్నులు ఇస్తామని మనవాళ్లు 2021 అక్టోబరులో పాకిస్తాన్‌ని దారి అడిగారు. నవంబరులో ఒప్పుకున్నారు. మరి పాకిస్తాన్ సరిహద్దులోని మన అట్టారీ గేటు నుంచి మొదటి బళ్లు కదిలిందెప్పుడు? 2022 ఫిబ్రవరి 22. మధ్యలో మూడు నెలలూ నలిగిన పెద్ద విషయాల్లో ఒకటి బండి ఎవరిది, డ్రైవరు ఏ దేశం వాడు అని! మా లారీలే వాడాలని పాకిస్తాన్, మావి గానీ అఫ్ఘాన్‌వి గానీ వెళ్లాలని మనవాళ్లు. చివరికి అఫ్ఘాన్ డ్రైవర్లే ఖాళీ బళ్లతో అట్టారీ వచ్చి లోడు చేసుకుపోయారు. జలాలాబాద్‌లో ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్లకి అప్పజెప్పారు. నీ లైనులో ఉన్నవాడికి ఇది కొత్త కాదు కదా, లోడు కన్నా కాగితం బరువు!

గుణుపురం సిస్టర్

నేను ఏఎన్ఎంని. మాస్టారు గారు సంతకాల గురించి రాశారు, నేను గంటల గురించి రాస్తాను. 2024 ఆగస్టులో గాజాలో పది నెలల బాబుకి పోలియోతో కాలు పడిపోయింది, అక్కడ పాతికేళ్లలో మొదటి కేసు. సెప్టెంబరు 1 నుంచి చుక్కలు వెయ్యడానికి ప్రాంతాల వారీగా, ముందు మధ్య గాజా, తర్వాత దక్షిణం, ఆ తర్వాత ఉత్తరం, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దాడులు ఆపేలా ఒప్పించారు. యుద్ధం ఆగలేదండీ, ఆ పూటకి ఆ చోట ఆగింది, అంతే. అందులోనే పదేళ్ల లోపు పిల్లలు 5.5 లక్షల మందికి పైగా చుక్కలు వేశారు.

ఇది బయటివాళ్లకి మామూలుగా అనిపించొచ్చు. మాకు పల్స్ పోలియో ఆదివారం వస్తే వ్యాక్సిన్ క్యారియర్‌లో ఐస్ ప్యాకులు సర్దుకుని, వయల్ మీద రంగు మారిందేమో చూసుకుంటూ, కొండ మీద ఒక్క ఊరు మిగిలిపోయినా మర్నాడు మళ్లీ ఎక్కాలి. అక్కడ మర్నాడు అన్నది ఉంటుందో లేదో. రెండో విడత అక్టోబరులో మొదలుపెడితే, దాడుల వల్ల ఉత్తరం వైపు నవంబరుకి వాయిదా పడింది కూడా.

ఈ పద్ధతి పాతదే. ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం నడుస్తుండగా 1985లో యునిసెఫ్, చర్చి పెద్దలు కలిసి ప్రభుత్వాన్నీ గెరిల్లాలనీ ఒప్పించి మూడు రోజులు టీకాల కోసం తుపాకులు దించేలా చేశారు. యుద్ధం ముగిసేదాకా ఏటా అలాగే జరిగింది.

మల్కన్‌గిరి కుర్రోడు

మధ్యలో ఎవరు కూర్చుంటారు అన్నదీ ముఖ్యమే. 2011 ఫిబ్రవరిలో మా కలెక్టరుని మావోయిస్టులు పట్టుకెళ్లినప్పుడు నేను ఏడో తరగతి, ఇంట్లో రేడియో కట్టెయ్యలేదు. ప్రభుత్వం, మావోయిస్టులు ఎదురెదురుగా కూర్చోలేదు, హరగోపాల్ గారి లాంటి ప్రొఫెసర్లు మధ్యలో ఉంటేనే మాట కదిలింది. యుద్ధం మధ్యలో ఉక్రెయిన్ ధాన్యం ఓడల్లో బయటికి పోనిచ్చిన నల్లసముద్రం ఒప్పందమూ అంతే. 2022 జూలై 22న ఇస్తాంబుల్‌లో రష్యా, ఉక్రెయిన్ ఒకే కాగితం మీద సంతకం పెట్టనే లేదు, ఎవరికి వాళ్లు విడిగా టర్కీతో, ఐక్యరాజ్యసమితితో పెట్టుకున్నారు! అలా పెట్టుకున్న కాగితాల మీదే ఏడాదిలో దాదాపు 3.3 కోట్ల టన్నులు ఓడలెక్కింది. అది అమ్మకం సరుకే లెండి, సాయం అందులో కొద్దిగానే, కానీ పని జరిగిన తీరు ఒకటే.

సిరొంచ నుంచి

మంచిగ చెప్తున్నారు గానీ, ఆ ధాన్యం ఒప్పందం నుంచి 2023 జూలై 17న రష్యా తప్పుకుంది, అది చెప్పరేం తమ్మీ? సిరియా తీర్మానం కూడా అదే నెలలో పోయింది. చేతిలో తాళం ఉన్నోడికి సాయం అనేది బేరానికి ఇంకో సరుకు. మాకు ప్రాణహిత పొంగితే పడవవాడు రేటు పెంచుతడు, గట్లనే ఇది. అడిగి తెచ్చుకునే దారి ఎన్నడూ అడిగించుకునేటోడి చేతిలోనే ఉంటది.

బరంపురం పాత పోస్టుమాస్టరు

అడక్కుండా వెళ్లిన సంగతీ ఉంది. 1987 జూన్ 3న శ్రీలంక సైన్యం చుట్టుముట్టిన తమిళుల ఊరు జాఫ్నాకి సాయం అని మనవాళ్లు 19 పడవలు పంపితే శ్రీలంక నౌకాదళం వెనక్కి తిప్పేసింది. మర్నాడే అయిదు ఏఎన్-32 విమానాలు, కాపలాగా మిరాజ్‌లు, సుమారు 25 టన్నులు పైనుంచి జారవిడిచారు. ఆపరేషన్ పూమాలై. కౌంటర్లో కూర్చుని ఆకాశవాణి వార్తల్లో విని మేమంతా గర్వపడ్డాం, అబద్ధమెందుకు. కానీ ఇప్పుడు లెక్క వేస్తే ఊరికి 25 టన్నులంటే ఏపాటి? మీ రెండు బళ్లు రెండు ట్రిప్పులు తిరిగితే అయిపోయే సరుకు. అది కొలంబోకి పంపిన కబురు అని నా ఉద్దేశం. జూలై 29కల్లా భారత్, శ్రీలంక ఒప్పందం మీద సంతకాలయ్యాయి, మన సైన్యం అక్కడ దిగింది, తర్వాతి కథ వేరు. కడుపు నింపడానికి పంపేదీ, కబురు చెప్పడానికి పంపేదీ ఒకే సంచిలో కలిసిపోతే అవతలివాడు సంచిని నమ్మడు. సిరొంచ తమ్ముడి మాట కాదనను గానీ, అడిగి వెళ్లిన లారీ రేపు మళ్లీ వెళ్లగలదు. ఆ విమానాలు ఎన్నిసార్లు వెళ్లగలవు?

రాయగడ లారీ

అందరికీ దండాలు. సిస్టర్ గారు రాసింది పాపకి చదివి వినిపిస్తే రాసుకుంది, కొటియా మాట మాత్రం స్టేజీ మీద వద్దులే, జడ్జీల్లో ఎవరు ఎటువైపో తెలీదు అంది, తెలివైనదే! నాకు ఇంకో డౌటు మిగిలింది. ఎండలో గేటు దగ్గర వారాల తరబడి పడున్న ఆ డ్రైవర్లకి బత్తా ఎవరిస్తారు? బండి ఓనరా, సరుకు పంపినవాళ్లా? పర్లాకిమిడి బాబాయ్, అట్టారీ వైపు లోడు తోలినవాళ్లెవరైనా మీకు తెలిస్తే అడిగి పెట్టండి.